మాదిగపల్లె మాటలు – 19 : తేడా వేరు, తక్కువ వేరు



పోయిన ఆదివారం ఒక ఊళ్లో అంబేద్కర్ భవన్‌లో కుర్రాళ్ల అధ్యయన తరగతికి పిలిస్తే వెళ్లాను. రాజ్యాంగం, రిజర్వేషన్లు, భూమి అన్నీ మాట్లాడుకున్నాం. చివర్లో డిగ్రీ చదివే తమ్ముడు ఒకడు లేచాడు. మంచి పిల్లాడు. బాబాసాహెబ్‌ని శ్రద్ధగా చదువుతున్నాడు.

"అన్నా, తప్పుగా అనుకోకపోతే ఒకటి అడుగుతా. ఆడా మగా సమానం అంటారు. ప్రకృతిలోనే తేడా ఉంది గదా. బలంలో తేడా, ఒంట్లో తేడా, చేసే పనిలో తేడా. తేడా ఉన్నచోట సమానం ఎట్టా కుదురుద్ది?"

హాలంతా నవ్వింది. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. వెనక వరండాలో టీ కాస్తున్న అక్కచెల్లెళ్లు కూడా ఆ ప్రశ్న విన్నారు. వాళ్లు మాత్రం నవ్వలేదు.

నేను 14వ అధికరణం అన్నాను, సావిత్రిబాయి ఫూలే అన్నాను, బస్సుకు టైమైందని దిగిపోయాను. బస్సులో కూర్చున్నాక తెలిసింది, ఆ పిల్లాడు అడిగినదానికి నేను జవాబు చెప్పలేదని. వాడు చట్టం ఏం చెబుతుందని అడగలేదు. తేడా ఉన్న ఇద్దరు సమానం ఎట్టా అవుతారని అడిగాడు. నిజాయితీగా అడిగాడు. నిజాయితీగానే జవాబు చెప్పాలి. ఈ భాగం ఆ తమ్ముడి కోసం. చదివాక మీకు తెలుస్తుంది, కొంత నా కోసం కూడా.

*

ముందు ఒక సంగతి. ఈ ప్రశ్న మనకు కొత్త కాదు తమ్ముడూ. వేల ఏళ్లుగా మన మీద వేస్తున్న ప్రశ్నే ఇది. నువ్వు దాన్ని తిప్పి మన ఆడవాళ్ల మీద వేశావు, అంతే.

"పుట్టుకలోనే తేడా ఉంది, అందుకే మీ పని వేరు, మీ చోటు వేరు" అని మనకు చెప్పలేదా? "అందరి బుర్రలూ ఒకటేనా, మెరిట్‌లో తేడా లేదా" అని ఇప్పటికీ నీ కాలేజీలో నిన్ను అడగడం లేదా? అలా అన్నప్పుడు నీకు ఒళ్లు మండుతుంది. మండాలి. మరి అదే మాట నీ నోట్లోంచి వచ్చినప్పుడు హాలంతా ఎందుకు నవ్వింది?

లాహోర్ సభ కోసం 1936లో రాసి, ఆ సభే రద్దయితే అచ్చువేసిన 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ ఈ ప్రశ్నను దాటేయలేదు. మనుషులంతా ఒక్కలాగే పుడతారని ఆయన అనలేదు. పుట్టుకతో వచ్చే ఒళ్లు వేరు, సమాజం చేతికిచ్చే చదువూ ఆస్తీ వేరు, ఎవరి కష్టం వాళ్లది వేరు అని విడదీసి చూపించాడు. ఈ మూడింట్లో తేడాలు ఉన్నా సరే, మనుషులతో వ్యవహరించేటప్పుడు సమానత్వాన్నే సూత్రంగా పెట్టుకోవాలని వాదించాడు. ఎందుకంటే ముందే అన్నీ ఉన్నవాడు పందెంలో ఎప్పుడూ గెలుస్తాడు. ఆ గెలుపును వాడి పుట్టుక గొప్ప అని లెక్కగట్టడం అన్యాయం.

దీన్ని మన పల్లె భాషలో చెప్పుకుందాం. తేడా వేరు, తక్కువ వేరు. వేపచెట్టుకూ చింతచెట్టుకూ తేడా ఉంది. అందులో తక్కువ ఏది? తేడా చూసేది కన్ను. తక్కువ అని రాసేది చెయ్యి. ఆ చెయ్యి ఎవరిది, దాంతో ఎవరికి లాభం అనేదే మనం అడగాల్సింది.

*

ఆ చెయ్యి ఒకసారి నాదే అయింది. ఇన్నేళ్లు ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

1998లో సంగతి. మా ఊళ్లో సంఘం పెట్టి రెండేళ్లు. నేను కార్యదర్శిని. వరి నాట్లకు ముందు కూలి రేట్లు పెంచమని ఆసాములతో మాటలకు కూర్చున్నాం. వాళ్లు గుడి అరుగు మీద, మేం కింద. అప్పటికి మగ కూలి యాభై రూపాయలు, ఆడ కూలి ముప్పై. మేం గట్టిగానే నిలబడ్డాం. రెండు రాత్రులు మాటలు సాగినాయి. చివరికి మగ కూలి అరవై, ఆడ కూలి ముప్పై అయిదు అని తేలింది. నేనే కాగితం రాశాను. గుండ్రటి అక్షరాలతో, కింద అందరి సంతకాలతో.

గెలిచామని పల్లెలోకి డప్పు కొట్టుకుంటూ వచ్చాం. మా పెద్దమ్మ ఇంటి ముందు చేట పట్టుకుని కూర్చుని ఉంది. ఆమె నాట్ల ముఠాకు ముందు నడిచే మనిషి. కాగితం చదివి వినిపించమంది. చదివాను. ఇంకోసారి చదవమంది. చదివాను.

"మగోళ్లకు పది పెరిగింది. మాకు అయిదు పెరిగింది. అంతేనా?"

"ఆళ్లది బరువు పని గదా పెద్దమ్మా."

"ఒరేయ్, ఆసామి మనకి తక్కువిస్తే కులం అన్నావు. నువ్వు మాకు తక్కువ రాస్తే ఏమనమంటావు?"

నా దగ్గర జవాబు లేదు. పక్కనున్న మా వాళ్లు నవ్వేశారు. మొన్న భవన్‌లో విన్న నవ్వు అదే. అందుకే నాకు గుచ్చుకుంది.

తెల్లారి ముఠా నాట్లకు పోలేదు. ఒక్క మనిషి కూడా పోలేదు. ఆసాములు పక్క ఊరి నుంచి ఆటోల్లో ఆడకూలీలను దింపారు. మా పెద్దమ్మ వాళ్లు గట్టు మీదికి పోయి వాళ్లతో మాట్లాడారు. ఏం మాట్లాడారో నాకు తెలియదు. ఆ ఆటోలు వచ్చిన దారినే వెనక్కి పోయినాయి. నారు ముదిరిపోతోంది. నాలుగో రోజు ఆసాములు దిగి వచ్చారు. ఆడ కూలి నలభై అయిదు.

ఆ మూడు రోజులూ మా సంఘంలో మగవాళ్లం ఏం చేశామో కూడా చెప్పాలి. "కుదిరిన మాట చెడగొట్టారు, మన పరువు తీశారు" అని తిట్టుకుంటూ కూర్చున్నాం. వాళ్ల పక్కన గట్టు మీద నిలబడినవాడు ఒక్కడు లేడు. నేనూ లేను. అరవైకీ నలభై అయిదుకూ మధ్య మిగిలిపోయిన పదిహేను రూపాయలు మా ఖాతాలోవి. మేం కూడా వెళ్లి నిలబడి ఉంటే అది కూడా వచ్చేదేమో.

*

ఇప్పుడు ఆ "బరువు పని" మాటను విప్పి చూద్దాం.

పొలంలో పనులు ముందే పంచి పెట్టి ఉంటాయి. దుక్కి, గట్లు వేయడం, బస్తాలు మోయడం, మందు కొట్టడం మగ పని. నాటు, కలుపు, మిరపకాయ కోత, పత్తి తీత ఆడ పని. ఈ పంపకం ఎవరు చేశారో తెలియదు. అందరూ పుట్టేసరికే ఉంది. మన కులానికి చెప్పులూ డప్పూ ఎట్టా వచ్చినాయో ఇదీ అట్టాగే వచ్చింది.

నాటు వేసే మనిషి పొద్దున ఏడింటికి వంగితే మధ్యాహ్నం దాకా నడుం ఎత్తదు. మోకాలి లోతు బురద. వెనక్కి నడుస్తూ, వరస తప్పకుండా, ఎంత లోతుకు గుచ్చాలో వేళ్లతోనే తెలుసుకుంటూ పోవాలి. లోతైతే పిలకలు రావు, పైపైన గుచ్చితే నారు తేలిపోతుంది. ఇది బలం పనా, నేర్పు పనా? రెండూ. దీన్ని తేలిక పని అన్నవాడు ఒక్క పూట వంగి చూడాలి.

సరే, దుక్కి బరువు పనే, ఒప్పుకుందాం. ఎడ్లు పోయి ట్రాక్టర్ వచ్చింది. స్టీరింగ్ తిప్పడానికి ఎంత బలం కావాలి? బలానికే కూలి అయితే ట్రాక్టర్ వచ్చిన రోజు ఆ కూలి తగ్గిపోవాలి. తగ్గలేదు, పెరిగింది. దానికి ఇప్పుడు 'నైపుణ్యం' అని పేరు పెట్టారు. ఎడ్లున్నప్పుడు బలం అన్నారు, ఇంజన్ వచ్చాక నైపుణ్యం అన్నారు. పేరు మారింది, సీటులో మగవాడు మారలేదు.

కలుపు మందు వచ్చి కలుపు తీసే పని తగ్గింది. వరి కోత మిషన్ వచ్చి కోత పోయింది. పోయిన పని దినాలు ఎక్కువగా ఆడవాళ్లవి. వచ్చిన యంత్రం మీద కూర్చున్నది ఎక్కువగా మగవాళ్లు. యంత్రానికి ఆడా మగా తెలియదు. తాళం ఎవరి చేతికి ఇవ్వాలో తెలిసినవాళ్లు మనుషులే.

ఇంకో విడ్డూరం చెబుతాను. కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు హైబ్రిడ్ పత్తి విత్తనాల పొలాల్లో 'క్రాసింగ్' పని ఉంటుంది. ఒక్కో మొగ్గనూ వలిచి, ఒక్కో పువ్వుకూ పుప్పొడి అద్దాలి. ఆ పనికి ఏళ్ల తరబడి చిన్న ఆడపిల్లల్ని బడి మాన్పించి తీసుకుపోయారు. ఎందుకంటే వాళ్ల వేళ్లు సన్నగా ఉంటాయి, చురుకుగా ఉంటాయి, చెప్పిన మాట వింటారు అన్నారు. ఇక్కడ తేడా పనికొచ్చింది. మగవాడి కంటే ఆ పిల్లే బాగా చేస్తుందని వాళ్లే చెప్పారు. మరి ఎక్కువ కూలి ఇవ్వాలి గదా? అందరికంటే తక్కువ ఇచ్చారు.

చూశావా తమ్ముడూ. బలం ఎక్కువున్నచోట బలానికి కూలి ఎక్కువ. నేర్పు ఎక్కువున్నచోట నేర్పుకు కూలి తక్కువ. అంటే కూలి బలాన్ని బట్టీ రాలేదు, నేర్పును బట్టీ రాలేదు. మనిషిని చూసి వచ్చింది. కులం శ్రమను పంచడంతో ఆగలేదు, శ్రమ చేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా పంచిందని బాబాసాహెబ్ చెప్పింది ఇదే. ఆ మెట్ల మీద మనం అట్టడుగున ఉన్నామనుకుంటాం. మన కింద ఇంకో మెట్టు ఉంది. దాని మీద మన అమ్మ నిలబడి ఉంది.

*

చట్టం లేదా అంటే ఉంది. రాజ్యాంగం 39(డి) అధికరణంలో ఆడా మగా ఇద్దరికీ సమాన పనికి సమాన వేతనం ఉండాలని రాసుకున్నాం. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. తర్వాత దాన్ని 2019 వేతనాల కోడ్‌లో కలిపారు. కానీ చట్టం అడిగేది "ఒకే పని లేదా ఒకేలాంటి పని" అయి ఉండాలని. మన పొలాల్లో ఒకే పని చేయనిస్తే గదా! ముందు పనిని విడగొట్టారు. తర్వాత "పని వేరు, కూలి వేరు" అన్నారు. గోడ కట్టినవాడే గోడను సాక్ష్యంగా చూపిస్తున్నాడు.

ఆ గోడ లేనిచోట ఏమైందో కూడా మనం చూశాం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. ఆ చట్టం కింద ఆడమనిషికో రేటు, మగమనిషికో రేటు లేదు. తవ్విన మట్టికి కొలత, ఆ కొలతకు కూలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ పనికి వచ్చినవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. ఎందుకొచ్చారు? మొదటిసారి కాగితం మీద వాళ్ల పేరు ఎదురుగా మగవాడి అంకెే పడింది కాబట్టి. అప్పుడు ఆసాములు ఏమన్నారో గుర్తుందా? "ఉపాధి పని వచ్చి ఆడకూలీలు దొరకడం లేదు, రేట్లు పెంచేశారు" అని గొడవ పెట్టారు. గడ్డపార, తట్ట, మండుటెండలో మట్టి పని. అంత బరువు పనిని ఆడవాళ్లు చేయలేరని అప్పుడు ఎవరూ అనలేదు. కూలి సమానమని చట్టం ముందే తేల్చేశాక బరువు లెక్క ఎవరికీ గుర్తు రాలేదు.

*

"సరే అన్నా, కూలి సంగతి ఒప్పుకుంటా. కానీ ఒంట్లో తేడా నిజమే గదా" అంటావు.

నిజమే. ఆడమనిషి కడుపుతో ఉంటుంది, కంటుంది, పాలిస్తుంది. నెల నెలా నెత్తురు పోతుంది. పొలంలో చాటుకు పోయే చోటుండదు కాబట్టి పొద్దుట్నుంచి నీళ్లు తాగకుండా పని చేస్తుంది. ఇవన్నీ నిజమైన తేడాలే. వీటిని లేవనడం ఆమెకు ఇంకో అన్యాయం.

నిజమైన తేడాను ఏం చేయాలి? దీనికి కూడా బాబాసాహెబ్ దగ్గరే దారి ఉంది. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సాయం బిల్లు వచ్చినప్పుడు ఆయన దాన్ని సమర్థించి మాట్లాడాడు. బిడ్డను కనే తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలని, ఆ ఖర్చులో ప్రభుత్వం భాగం మోయాలని, ఆమె శ్రమతో లాభం పొందే యజమాని కూడా మోయాలని వాదించాడు. అంటే తేడా ఉందని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఆ భారం ఆమె ఒక్కదాని మీదే పడకూడదన్నాడు. తేడా ఉన్నచోట చెయ్యి పట్టుకోవాలని ఆయన అంటే, తేడా ఉన్నచోట చెయ్యి నరకాలని మనం అంటున్నాం.

రాజ్యాంగం కూడా అదే దారిలో నడిచింది. 15వ అధికరణం మొదటి క్లాజు మతం, కులం, లింగం పేరుతో వివక్ష కూడదంటుంది. అదే అధికరణం మూడో క్లాజు ఆడవాళ్లకూ పిల్లలకూ ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చంటుంది. 1951లో మొదటి సవరణతో చేరిన నాలుగో క్లాజు వెనకబడిన తరగతులకూ, ఎస్సీ ఎస్టీలకూ ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చంటుంది. మూడో క్లాజు, నాలుగో క్లాజు పక్కపక్కనే ఉన్నాయి తమ్ముడూ. నీకు కాలేజీలో సీటు ఇచ్చిన న్యాయం, మీ అక్కకు ప్రసూతి సెలవు ఇచ్చే న్యాయం, రెండూ ఒక తల్లి పిల్లలు. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని చూసి నవ్వకూడదు.

అయితే ఆ ప్రసూతి సెలవు ఎవరికి అందుతోందో కూడా చూడాలి. 1961 ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి సెలవును 26 వారాలకు పెంచారు. మంచిదే. కానీ ఆ సెలవు కావాలంటే ఒక యజమాని దగ్గర అంతకు ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. మిరపకోతకు ఈ రోజు ఒక ఆసామి, రేపు ఇంకో ఆసామి. నాట్ల గుత్తలో అయితే ఎకరానికో యజమాని. మన ఆడకూలికి 80 రోజుల యజమాని ఎక్కడ దొరుకుతాడు? ఆఫీసులో ఉన్న తల్లికి 26 వారాలు. పొలంలో ఉన్న తల్లికి గట్టు మీద చీర ఉయ్యాల. ఇద్దరి ఒళ్లూ ఒకటే, ఇద్దరి కాన్పూ ఒకటే. ఇక్కడ తేడా ఎవరు పెట్టారు? ప్రకృతా?

అందుకే ఆడవాళ్లంతా ఒకటే అనే మాట కూడా నేను అనను. పెద్దకులాల ఇళ్లలో ఆడమనిషి నాజూకు అన్నారు, గడప దాటనివ్వలేదు. 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన తన వ్యాసంలో బాబాసాహెబ్ దీని గుట్టు విప్పాడు. కులం నిలబడాలంటే పెళ్లి కులం లోపలే జరగాలి, దానికోసం ఆడదాన్ని కట్టడి చేయాలి. సతి, జీవితాంతం వైధవ్యం, పసిపిల్లల పెళ్లిళ్లు అందుకే వచ్చాయన్నాడు. మన ఆడవాళ్లను మాత్రం ఎవరూ నాజూకు అనలేదు. నిండు చూలాలిని కలుపుకు పిలిచారు. మన పిల్లల్ని దేవుడి పేరు చెప్పి జోగినుల్ని చేశారు. దాన్ని నిషేధిస్తూ మన రాష్ట్రంలో చట్టం రావడానికి 1988 దాకా పట్టింది. మన ఆడది చాకిరీకి మగదానికంటే గట్టిది, కూలి ఇచ్చేటప్పుడు మాత్రం నాజూకుది. ఇంత పొందిక లేని మాటను మనం పెద్దకులాల నోటి నుంచి తెచ్చుకుని మన నోట్లో పెట్టుకున్నాం.

*

అవును, తెచ్చుకున్నాం. ఈ ముక్క రాయడం కష్టం. మన వాళ్లు కొందరు కోప్పడతారు. అయినా రాయాలి.

మా తాతల కాలంలో మన కులాల్లో పెళ్లికి మగపెళ్లివారే ఓలి ఇచ్చేవారు. మొగుడు చనిపోతే మారుమనువు ఉండేది. కుదరకపోతే కులపెద్దల ముందు తెగతెంపులు చేసుకునేవారు. అదేదో స్వర్గమని నేను చెప్పడం లేదు. ఓలి ఇచ్చానని కొట్టినవాళ్లున్నారు. సారా తాగి కొట్టినవాళ్లు అంతకంటే ఎక్కువమంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది ఊరికే కాదు. కానీ ఆ పాత కాలంలో పనిచేసే చేతికి కొంత విలువ ఉండేది.

మరి ఇప్పుడు? రిజర్వేషన్‌తో ఉద్యోగం వచ్చిన మన కుర్రాడు మొదట చేసే పని ఏంటి? కట్నం రేటు పెట్టడం. రెండోది, "మా ఆవిడ పనికి పోదు" అని గొప్పగా చెప్పుకోవడం. బాబాసాహెబ్ ఇచ్చిన ఉద్యోగంతో మనువు ఇచ్చిన సంసారం చేస్తున్నాం. గోడ మీద ఆయన నీలం కోటు ఫోటో, ఫోటో కింద కట్నం మాటలు. 1927 డిసెంబర్ 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టారని ఏటా సభ పెడతాం. ఆ మంట మన వంటింటి దాకా రాకుండా జాగ్రత్తగా గడప దగ్గరే ఆపుతాం.

హిందూ కోడ్ బిల్లు సంగతి గుర్తుచేసుకోండి. ఆడవాళ్లకు ఆస్తిలో వాటా, విడాకుల హక్కు ఇచ్చే బిల్లు అది. దాన్ని పక్కన పడేయడం 1951లో ఆయన మంత్రి పదవి వదులుకోవడానికి ఒక ముఖ్య కారణం. ఆ బిల్లు కోసం ఆయన పదవి వదిలాడు. మనం అక్కచెల్లెలికి రెండు సెంట్ల వాటా కూడా వదలడం లేదు. ఇంటి స్థలం పట్టా ఆడవాళ్ల పేరు మీద వస్తుంది. ఆ పట్టా ఉన్న పెట్టె తాళం మాత్రం మన మొలతాడుకే ఉంటుంది.

*

ఇక ఉద్యమం. మన ఉద్యమం ఎక్కడ మొదలైందో ఒకసారి చూడండి.

1985 జులైలో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి నీళ్లు కలుపుతుంటే మన వాళ్లు అడ్డం చెప్పారు. కొట్టబోయినవాడి మీదికి మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు, 17న పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. చూసింది చూసినట్టు చెప్పడానికి సాక్షిగా నిలబడిన అలీసమ్మను తర్వాత చంపేశారు. చీరాల శిబిరం, దళిత మహాసభ, ఆ తర్వాత నాలాంటి వాళ్లు వేలమంది కార్యకర్తలు కావడం, అంతా ఆ బిందె దగ్గర మొదలైంది. నీళ్లకు పోయేది ఆడవాళ్లే కాబట్టి కులంతో మొదటి తగాదా పడేది కూడా ఆడవాళ్లే. ఆ పంపకంలో మాత్రం వాళ్లకు మొదటి వరస.

మరి మన సంఘాల వేదిక మీద? ఏ మీటింగు ఫోటో అయినా తీసి లెక్కపెట్టండి. నా మీటింగుల ఫోటోలు కూడా తీయండి. పన్నెండు కుర్చీలుంటే ఒక ఆడమనిషి. ఆమె చేతికి జ్యోతి వెలిగించే అగ్గిపెట్టె ఇస్తాం, మైకు ఇవ్వం.

మనకు చరిత్ర లేదా? 1942 జులైలో నాగపూర్‌లో దళిత మహిళల సభ జరిగింది. సులోచనాబాయి డోంగ్రే అధ్యక్షత. వేలమంది ఆడవాళ్లు వచ్చారు. విడాకుల హక్కు కావాలని, బహుభార్యత్వం పోవాలని, మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ల బాధలు తీరాలని తీర్మానాలు చేశారు. మన దగ్గర ఈశ్వరీబాయి ఎల్లారెడ్డి నుంచి రెండుసార్లు శాసనసభకు గెలిచి ప్రభుత్వాన్ని నిలదీసింది. టి.ఎన్. సదాలక్ష్మి గుడి మెట్లు ఎక్కనివ్వని కులాల నుంచి వచ్చి దేవాదాయ శాఖకే మంత్రి అయింది. వీళ్ల ఫోటోలు మన భవన్‌లలో ఎన్నింటిలో ఉన్నాయి? మొన్న నేను వెళ్లిన భవన్‌లో వెతికాను. లేవు.

*

తమ్ముడూ, ఇప్పుడు నీ ప్రశ్నకు సూటిగా జవాబు.

ఆడా మగా ఒకటి కాదు. సమానం. ఒకటి కావడం ఒంటికి సంబంధించింది. సమానం కావడం విలువకు సంబంధించింది. మాలా మాదిగా ఒకటి కాదు, రెల్లి ఒకటి కాదు. తేడా ఉంది కాబట్టే వర్గీకరణ అడిగాం. సమానం కాబట్టే న్యాయం అడిగాం. ఈ రెండూ నీకు ఒక్కసారే అర్థమైతే ఆడా మగా సంగతి కూడా అర్థమవుతుంది.

ఉపన్యాసంతో ఆపితే లాభం లేదు. మన సంఘాల ముందు నాలుగు పనులు పెడుతున్నాను. బాగుంటే చేయండి, బాగోకపోతే కామెంట్లలో పోట్లాడండి.

ఒకటి. కూలి రేట్ల కాగితం రాసేటప్పుడు ఆడ, మగ అని రెండు గళ్లు గీయొద్దు. ఒకటే గడి, ఒకటే రేటు. మాటలకు కూర్చునేవాళ్లలో సగంమంది ముఠా ఆడవాళ్లు ఉండాలి.

రెండు. సంఘం కమిటీలో సగం ఆడవాళ్లు. 'మహిళా విభాగం' అని పక్క గది చూపించొద్దు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి పదవుల్లోనే.

మూడు. కట్నం తీసుకున్నవాడు జయంతి సభలో మైకు పట్టుకోకూడదు. ఎంత పెద్ద నాయకుడైనా సరే.

నాలుగు. మీటింగుకు టీ మనమే కాయాలి. చిన్న పని అనిపిస్తే, చిన్న పనే గదా, మనమే చేద్దాం.

నా సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఇరవై ఏడేళ్లుగా మీటింగులు తిరుగుతున్నాను. నేను తిరిగినన్నాళ్లూ నా ఇల్లు నడిచింది నా భార్య కూలితో. ఆ కూలి నేను రాసిన రేటు ప్రకారమే వచ్చింది. ఒక రోజు ఆమెను అడిగాను, "అప్పుడు కోపం రాలేదా నీకు?" అని. "వచ్చింది. పోయిందని ఎవరు చెప్పారు?" అంది. ఇంకేమీ అనలేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే చూసుకోవడానికి లోపలికి పోయింది. నేను వెనకే వెళ్లి ఆ గిన్నె దించాను. చేయి కాలింది. ఎప్పుడూ దించని చెయ్యి గదా.

మా పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆ కాగితం మాత్రం నా పెట్టెలో ఉంది. అరవై, ముప్పై అయిదు. గుండ్రటి అక్షరాలు. వచ్చే నెల ఆ భవన్‌కు మళ్లీ వెళుతున్నాను. ఆ కాగితం పట్టుకుని వెళ్తాను. ఈసారి వరండాలో ఉన్న అక్కల్ని ముందు కుర్చీల్లో కూర్చోమని అడిగి, తమ్ముడి ప్రశ్నకు జవాబు వాళ్లనే చెప్పమంటాను. టీ నేను కాస్తాను.

వచ్చే భాగంలో డప్పు గురించి రాస్తాను. ఆడది డప్పు పట్టకూడదని మన పల్లెలో ఎవరు చెప్పారు, ఇప్పుడు మన ఆడపిల్లలు పడితే ఏమైందీ అనేది.

జై భీమ్. జై సావిత్రి.